350 సీసీ గీతకు అటూ ఇటూ: అడ్వెంచర్ బైకు ధర వెనుక లెక్క, రోడ్డు మీద లెక్క

అడ్వెంచర్ బైకు కొనాలనుకునేవాళ్ల సందేహాలకు 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇంకొకటి తోడైంది. ఆ రోజు అమల్లోకి వచ్చిన కొత్త జీఎస్టీ రేట్లతో 350 సీసీ వరకు ఉన్న బైకుల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. 350 దాటిన వాటి మీద, సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది 40కి ఎక్కింది. మన మార్కెట్లో అడ్వెంచర్ బండ్లు సరిగ్గా ఈ గీతకు రెండు పక్కలా ఉన్నాయి. హీరో ఎక్స్‌పల్స్ 210, సుజుకి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, టీవీఎస్ అపాచీ ఆర్‌టీఎక్స్ 300, యెజ్డీ అడ్వెంచర్ ఇటు పక్క. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, కేటీఎం 390 అడ్వెంచర్, హోండా ఎన్ఎక్స్500 అటు పక్క.

అప్పటి నుంచి రెండు మాటలు తరచుగా వినపడుతున్నాయి. ఇంత పన్ను కట్టి పెద్ద బండి కొనడం దండగ అన్నది ఒకటి. చిన్న బండి మీద లద్దాఖ్ పోలేం, కాబట్టి ఎంతైనా పెట్టాల్సిందే అన్నది రెండోది. రెండింట్లోనూ ఒకే పొరపాటు ఉంది. పన్ను కోసం ప్రభుత్వం గీసిన గీత వేరు, రోడ్డు గీసే గీత వేరు. ఈ రెండూ ఒకేచోట పడవు. అందుకని వాటిని విడివిడిగా చూద్దాం.

పేరులో ఉన్న అడ్వెంచర్, బండిలో ఉన్న రాజీ

1980లో బీఎండబ్ల్యూ కంపెనీ ఆర్80 జీ/ఎస్ అనే బండిని తెచ్చింది. పేరు చివర ఉన్న జీ, ఎస్ అక్షరాలు రెండు జర్మన్ మాటలకు పొట్టిరూపాలు. మొదటిది దారిలేని నేల, రెండోది రోడ్డు. అప్పటిదాకా మట్టిలో తిరిగే తేలికపాటి బండ్లు వేరు, దూరప్రయాణాల బరువైన బండ్లు వేరు. రెండు పనులూ ఒకే బండి చేయాలన్న ఆలోచన పెద్ద ఎత్తున నిలబడింది దీంతోనే. మరుసటి ఏడాది పారిస్-డాకర్ ర్యాలీలో హ్యూబర్ట్ ఓరియోల్ ఈ బండి మీదే గెలిచాడు. మన దగ్గర ఈ తరహా బండి మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది 2016లో, 411 సీసీ హిమాలయన్‌తో. అంతకుముందు లద్దాఖ్ వెళ్లినవాళ్లలో చాలామంది బుల్లెట్ మీద వెళ్లినవాళ్లే.

కాబట్టి అడ్వెంచర్ టూరర్ అంటే నిర్వచనం సులువే. గుంతలను మింగే పొడుగాటి సస్పెన్షన్, నేలకు ఎత్తుగా ఇంజిన్ అడుగు, నిటారుగా కూర్చునేలా, అవసరమైతే ఫుట్‌పెగ్గుల మీద లేచి నిలబడి నడిపేలా వెడల్పాటి హ్యాండిల్, గాలిని ఆపే అద్దం, సామాను కట్టుకునే చోటు. ఇవన్నీ ఒకే బండిలో పెట్టాలంటే ఏదో ఒకటి వదులుకోక తప్పదు. మట్టికి పనికొచ్చేలా ఎత్తు పెంచితే కాళ్లు అందవు. దూరానికి పనికొచ్చేలా ట్యాంకు, ఇంజిన్ పెంచితే మట్టిలో బరువవుతుంది. ప్రతి కంపెనీ ఈ రాజీని ఒక్కోచోట కుదుర్చుకుంటుంది. ఎక్స్‌పల్స్ మట్టి వైపు మొగ్గింది. వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, అపాచీ ఆర్‌టీఎక్స్ తారు రోడ్డు వైపు. హిమాలయన్ నడుమ నిలబడింది.

ధరలో బండి ఎంత, పన్ను ఎంత

2025 అక్టోబర్‌లో అపాచీ ఆర్‌టీఎక్స్ 300 ప్రారంభ ధర 1,99,000 రూపాయలు, ఎక్స్‌షోరూమ్ (ఇన్సూరెన్స్, లైఫ్ ట్యాక్స్ కలపకముందు). కొత్త పన్ను తర్వాత హిమాలయన్ 450 మొదటి రకం ధర సుమారు 3,06,000. చూడగానే తేడా లక్షా ఏడు వేలు. ఇప్పుడు పన్ను తీసేసి చూద్దాం.

అపాచీ ధరను 1.18తో భాగిస్తే 1,68,600 వస్తుంది. మిగిలిన 30,400 జీఎస్టీ. హిమాలయన్ ధరను 1.40తో భాగిస్తే 2,18,600. మిగిలిన 87,400 జీఎస్టీ. అంటే బండికీ బండికీ మధ్య అసలు తేడా 50 వేలు. తక్కిన 57 వేలు పన్నులో తేడా. కొనేవాడు ఎక్కువ పెడుతున్న లక్షా ఏడు వేలలో సగానికి పైగా పెద్ద ఇంజిన్‌కో మంచి సస్పెన్షన్‌కో పోవడం లేదు. ఈ ఒక్క సంగతి తెలియక షోరూముల్లో చాలామంది "లక్ష తేడా ఉందంటే లక్ష విలువ చేసే సరుకు ఉంటుంది కదా" అనుకోవడం నేను చూశాను.

ఇదే గీత ఇన్సూరెన్స్‌లోనూ ఉంది. కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2022లో నోటిఫై చేసిన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ బండికి ఐదేళ్లకు 7,365 రూపాయలు, 350 దాటితే 15,117. పన్ను దీనికి అదనం. ఆపైన లైఫ్ ట్యాక్స్. దాన్ని రాష్ట్రాలు బండి ధర మీద శాతంగా వసూలు చేస్తాయి కాబట్టి, జీఎస్టీ వల్ల పెరిగిన ధర అక్కడ ఇంకోసారి లెక్కలోకి వస్తుంది.

350 దగ్గర గీత గీయడం సబబేనా అన్నది ఇంకా నలుగుతున్న వాదన. ప్రభుత్వ దృష్టిలో పెద్ద బైకు అవసరం కాదు, విలాసం. కోట్లమంది కొనే చిన్న బండ్ల మీద పన్ను తగ్గించినప్పుడు, స్తోమత ఉన్నవాళ్లు కొనేవాటి మీద పెంచడం సహజమే అన్నది ఆ వాదన. దీనికి ఎదురుగా, రాయల్ ఎన్‌ఫీల్డ్ మాతృసంస్థ ఐషర్ మోటార్స్ అధిపతి సిద్ధార్థ లాల్ అన్ని టూవీలర్లకూ ఒకే 18 శాతం ఉండాలని బహిరంగంగా కోరారు. 350 దాటిన బండ్లు దేశీయ మార్కెట్లో ఒక శాతం దరిదాపే, వీటి మీద ఎక్కువ పన్ను వేస్తే ఖజానాకు వచ్చేది స్వల్పం, ప్రపంచ మార్కెట్లో ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న మన మధ్యతరహా బైకుల పరిశ్రమకు జరిగే నష్టం పెద్దది అన్నది ఆయన మాట. మా వర్గం బండ్ల మీదే పన్ను వద్దని ఓ తయారీదారు అనడంలో స్వప్రయోజనం లేకపోలేదు. అయినా 334 సీసీ యెజ్డీ అవసరం, 399 సీసీ కేటీఎం విలాసం ఎలా అవుతుందన్న ప్రశ్నకు సూటి జవాబు నాకు ఎక్కడా కనపడలేదు.

ఒక చిక్కు ఏమిటంటే, పన్ను పెరిగినంత మాత్రాన ధర అంతే పెరగదు. కొన్ని కంపెనీలు ఆ భారాన్ని కొన్నాళ్లు తామే మోసి పాత ధరే ఉంచాయి. అందుకే ఈ వర్గంలో ఆరు నెలల కిందటి ధరల పోలిక ఇవాళ పనికిరాకపోవచ్చు.

ఎంత శక్తి కావాలి? గాలిని అడగాలి

ఇప్పుడు రోడ్డు లెక్కకు వద్దాం. బండి వేగంగా పోతున్నప్పుడు ఇంజిన్ శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. ఈ ఖర్చు వేగం ఘనంతో, అంటే వేగాన్ని మూడుసార్లు గుణించిన లెక్కన పెరుగుతుంది. వేగం 100 నుంచి 120కి, అంటే అయిదోవంతు పెరిగితే, గాలిని తోయడానికి కావలసిన శక్తి 1.2 × 1.2 × 1.2, అంటే 1.73 రెట్లవుతుంది. అడ్వెంచర్ బండిలో మనిషి నిటారుగా, ఛాతీ విప్పుకుని కూర్చుంటాడు కాబట్టి గాలి దెబ్బ మరీ ఎక్కువ.

మోటుగా ఓ లెక్క వేస్తే, ఒక్కడే కూర్చున్న అడ్వెంచర్ బండికి సమతలం మీద 80 కిలోమీటర్ల వేగానికి చక్రం దగ్గర 8 హార్స్‌పవర్ చాలు. 100కి 14. 120కి 23. ఎక్స్‌పల్స్ 210 ఇంజిన్ ఇచ్చేది 24.6, వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ 26.5. గేర్లలో, చైనులో పోయేది పోగా 120 దగ్గర ఈ రెండూ ఊపిరి బిగబట్టి పరిగెడుతుంటాయి. అపాచీ 36, హిమాలయన్ 40, కేటీఎం 390 దాదాపు 46. వీటికి అదే వేగంలో ఇంకా ఊపిరి మిగిలి ఉంటుంది.

ఇక్కడ మరిచిపోకూడని అంకె ఒకటుంది. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరుసల హైవేల మీద మోటార్ సైకిళ్లకు గరిష్ఠ వేగం 80. ఆ వేగానికి కావలసిన 8 హార్స్‌పవర్ పై బండ్లన్నింటి దగ్గరా మూడింతలకు తగ్గకుండా ఉంది. మరి పెద్ద ఇంజిన్ ఎందుకు? వెనకాల మనిషి, రెండు పక్కలా పెట్టెలు, ఎదురుగాలి ఉన్నప్పుడు లారీని దాటే ఆ పది సెకన్ల కోసం. ఘాట్ ఎక్కుతూ గేరు తగ్గించకుండా పోవడం కోసం. రోజంతా నడిపాక సాయంత్రానికి చేతుల్లో మిగిలే వణుకు తగ్గడం కోసం. ఇవి నిజమైన అవసరాలే. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు ఒక్కరోజులో వెళ్లినవాళ్లకు ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. అయితే అది వేగం కాదు, వెసులుబాటు.

లద్దాఖ్ సంగతి మరోలా ఉంటుంది. అక్కడి ఖర్దుంగ్‌లా కనుమ ఎత్తు సుమారు 5,359 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో సగం. ఇంజిన్ పీల్చే ఆక్సిజన్ తగ్గితే శక్తీ దాదాపు అదే వాటాన తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు పాళ్లు సరిచేయగలదు గానీ, లేని ఆక్సిజన్‌ను తేలేదు. 40 హార్స్‌పవర్ బండి అక్కడ ఇరవై పైచిలుకుకు, 24 బండి పన్నెండు, పదమూడుకు పడిపోతుంది. కానీ ఆ దారిలో వేగం గంటకు ముప్పై, నలభై దాటదు. అందుకే చిన్న బండ్లు కూడా ఏటా వందల సంఖ్యలో అక్కడికి చేరుతున్నాయి. డబుల్స్ ఎక్కినప్పుడే అసలు ఇబ్బంది. మన అరకు లోయ ఎత్తు 900 మీటర్ల చిల్లర. అక్కడ తగ్గే శక్తి పది శాతంలోపే, అంటే తెలియను కూడా తెలియదు.

సీటు ఎత్తు, బరువు: కాగితం మీద కనపడని కష్టం

నా దృష్టిలో అడ్వెంచర్ బైకు విషయంలో అన్నింటికంటే తక్కువగా మాట్లాడుకునేదీ, కొన్నాక అన్నింటికంటే ఎక్కువగా బాధపెట్టేదీ ఇదే. స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, బరువు 112 కిలోలు. క్లాసిక్ 350 సీటు 805, బరువు 195. హిమాలయన్ 450 సీటు కింది అమరికలో 825, పై అమరికలో 845, బరువు 196. వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, అపాచీ ఆర్‌టీఎక్స్ రెండింటి సీటూ 835. అయితే మొదటిది 167 కిలోలు, రెండోది 180.

క్లాసిక్, హిమాలయన్ బరువులు చూడండి. ఒక్క కిలో తేడా. కానీ క్లాసిక్ నడిపి నడిపి అలవాటైన మనిషి హిమాలయన్ ఎక్కి సిగ్నల్ దగ్గర ఆపినప్పుడు ఇదేదో మరీ బరువుగా ఉందే అంటాడు. బరువు అంతే, కానీ అది పైకి జరిగింది. పొడుగాటి సస్పెన్షన్ మీద నిలబెట్టిన ఇంజిన్, దాని మీద 17 లీటర్ల ట్యాంకు. నిటారుగా ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. పది డిగ్రీలు ఒరిగిందా, ఎత్తున ఉన్న బరువు త్వరగా లాగేస్తుంది. అదే సమయంలో మడమ నేలకు ఆనక ముని వేళ్ల మీద నిలబడ్డ కాలికి బలం చాలదు. అడ్వెంచర్ బండ్లు ఎక్కువగా పడేది కొండల్లో కాదు. పార్కింగ్‌లో, యూటర్న్‌లో, ఇంటి ముందు ర్యాంపు మీద.

సీటు ఎత్తు అంకె ఒక్కటే చూసినా మోసపోతాం. మనిషి కూర్చోగానే సస్పెన్షన్ ఇంకొన్ని సెంటీమీటర్లు దిగుతుంది. బరువైన మనిషికి ఎక్కువ, తేలికైనవాళ్లకు తక్కువ. సీటు ముందుభాగం సన్నగా ఉంటే కాళ్లు నిలువుగా దిగుతాయి, వెడల్పైతే పక్కలకు పోయి అందవు. అందుకే ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి 835 సీటున్న ఒక బండి అందుతుంది, 825 సీటున్న ఇంకో బండి అందదు.

లంబసింగి దగ్గర ఓ తోట దారిలో ఎర్రమట్టి మలుపులో నా బండి పక్కకు ఒరిగింది. వేగం పదిహేను కూడా లేదు. దెబ్బ తగల్లేదు గానీ, ఒక్కణ్నీ లేపడానికి మూడుసార్లు ప్రయత్నించి, సామాను విప్పి కింద పెట్టాక గానీ లేవలేదు. ఆ పదిహేను నిమిషాల్లో నాకు హార్స్‌పవర్ ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఇరవై కిలోలు తక్కువుంటే బాగుండుననే అనిపించింది.

ముందు చక్రం 21 అంగుళాలా, 19 అంగుళాలా?

చక్రం పెద్దదైతే గుంత అంచును తక్కువ కోణంలో ఎక్కి దాటుతుంది. ఎద్దుబండి చక్రం రాయిని ఎక్కినంత సులువుగా చిన్న తోపుడుబండి చక్రం ఎక్కలేదు కదా, ఇదీ అంతే. హిమాలయన్‌కు, ఎక్స్‌పల్స్‌కు ముందు 21 అంగుళాల చక్రం అందుకే. దానికి మూల్యం మలుపుల్లో కడతాం. పెద్ద చక్రం దిశ మార్చడానికి కాస్త మొరాయిస్తుంది, టైరు సన్నగా ఉంటుంది. వీ-స్ట్రామ్, అపాచీల 19 అంగుళాల చక్రం శ్రీశైలం ఘాట్ లాంటి తారు మలుపుల్లో హాయిగా వాలుతుంది. కంకర దారిలో పర్వాలేదు, రాళ్ల వాగులో చేతులెత్తేస్తుంది.

ఇంకో తేడా స్పోకులా, అల్లాయా అన్నది. గట్టి దెబ్బకు స్పోక్ చక్రం వంగుతుంది, అల్లాయ్ పగలొచ్చు. వంగినదాన్ని సరిచేసి ఊరు చేరొచ్చు. కానీ మామూలు స్పోక్ చక్రాలకు ట్యూబ్ ఉంటుంది. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, పది నిమిషాల్లో ప్లగ్ పెట్టుకోవచ్చు. ట్యూబ్ అయితే చక్రం విప్పాలి. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక నల్లమలలో పంక్చర్ షాపు ఉండదు. టైగర్ రిజర్వ్ కావడంతో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఆ దారిని చెక్‌పోస్టుల దగ్గర మూసేస్తారు. సాయంత్రం ఆరింటికి అక్కడ ముందు టైరు చప్పబడిందంటే ఆ గంటల విలువ అర్థమవుతుంది. స్పోకులు ఉండి కూడా ట్యూబ్ అక్కర్లేని చక్రాలు ఈ మధ్య వచ్చాయి, హిమాలయన్‌లో ఖరీదైన రకాలకు అవి దొరుకుతున్నాయి. ఆ అదనపు ఖర్చుకు అర్థం ఉంది.

విదేశీ రివ్యూల్లో ఎక్కడా కనపడని మన సమస్య ఇంకొకటి ఉంది: నల్లరేగడి. ఆదిలాబాద్‌లోనో నంద్యాల వైపో వాన పడ్డాక పొలందారిలోకి దిగితే ఆ మట్టి టైరుకు అంటుకుని, మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య సందులో గట్టిపడి చక్రాన్నే పట్టేస్తుంది. ఎంత శక్తి ఉన్నా కదలదు. ఆ సందు ఎంత వెడల్పుగా ఉందన్నది ఏ స్పెసిఫికేషన్ పట్టికలోనూ రాయరు. టైరుకు ఆనుకున్న చిన్న మడ్‌గార్డు ఉన్న బండ్లకు ఈ బాధ ఎక్కువ, ఎత్తుగా మడ్‌గార్డు ఉన్న ఎక్స్‌పల్స్ లాంటివాటికి తక్కువ.

ఇద్దరు, రెండు పెట్టెలు: మోతబరువు లెక్క

ప్రతి బండికీ తయారీదారు చెప్పే గరిష్ఠ మొత్తం బరువు ఒకటుంటుంది. అందులోంచి బండి బరువు తీసేస్తే మిగిలేదే మనం వేయగలిగింది. బండి 180 కిలోలు, గరిష్ఠం 360 అనుకుందాం. మిగిలింది 180. భర్త హెల్మెట్, జాకెట్, బూట్లతో 84. భార్య అదే సరంజామాతో 66. ఇప్పటికి 150. ఇనుప స్టాండుతో కలిపి రెండు ఖాళీ పెట్టెలు 16 కిలోలు. 166. క్రాష్ గార్డు, ఇంజిన్ అడుగును కాపాడే బాష్ ప్లేటు 8. 174. బట్టలకూ నీళ్లకూ పనిముట్లకూ మిగిలింది ఆరు కిలోలు. "ఫుల్లుగా యాక్సెసరీలు వేయించిన" బండి మీద దంపతులు అరకు బయల్దేరితే, సామాను సర్దకముందే హద్దు దగ్గర ఉంటారన్నమాట.

పెట్రోలుది చిన్న లెక్కే. 12 లీటర్ల ట్యాంకున్న బండి లీటరుకు 35 ఇస్తే 420 కిలోమీటర్లు, 17 లీటర్ల బండి 28 ఇస్తే 476. మనాలి-లేహ్ దారిలో తాండి బంకు దగ్గర "తర్వాతి బంకు 365 కిలోమీటర్లకు" అన్న బోర్డు ఫోటో లద్దాఖ్ వెళ్లిన ప్రతివాళ్ల దగ్గరా ఉంటుంది. ఆ దూరానికి కాగితం మీద రెండూ సరిపోతాయి. లో గేర్లలో ఎక్కుళ్లు ఎక్కితే చిన్న ట్యాంకుకు మిగులు పెద్దగా ఉండదు.

పాత 411 హిమాలయన్ ఎందుకు మళ్లీ మాటల్లోకి వచ్చింది

2023 చివర్లో 450 రావడంతో 411 సీసీ హిమాలయన్ మన దగ్గర ఆగిపోయింది. కొత్త పెద్ద బండ్ల ధరలు పెరిగాక సెకండ్‌హ్యాండ్‌లో దాన్ని వెతికేవాళ్లు కనపడుతున్నారు. గాలితో చల్లబడే సాదా ఇంజిన్, 24 హార్స్‌పవర్ చిల్లర, అయినా 32 ఎన్ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. అందుకే కింది వేగాల్లో దిట్టంగా లాగుతుంది, హైవే మీద త్వరగా అలిసిపోతుంది. దాని బరువు 199 కిలోలు. శక్తిలో ఎక్స్‌పల్స్ 210తో సమానం, బరువులో ముప్పై కిలోలు ఎక్కువ. సీసీ చూసి విలువ కట్టేవాళ్లకు ఈ పోలిక వింతగా ఉంటుంది. నిదానంగా, నిండా సామానుతో పోయేవాళ్లకు మాత్రం ఆ టార్కే కావాలి.

పాత బండి విషయంలో ఇప్పుడు పెట్రోలు కూడా లెక్కలోకి వచ్చింది. బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనం. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే మూడోవంతు తక్కువ కాబట్టి ఆ మిశ్రమంలో మొత్తం శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు ఈ మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. అందువల్ల ఒకే ధరకు అమ్మకానికి ఉన్న రెండు 411 బండ్లలో ఒకటి 2021ది, ఇంకొకటి 2023 మధ్యలోది అయితే, ఓడోమీటర్ అంకెల కంటే ముందు తయారీ నెలే ఎక్కువ చెబుతుంది. అది ఆర్సీ మీదే ఉంటుంది.